డెక్కుకి చెక్కా? కాంపోజిటా?

అమెరికాలో మంచు కరగడం మొదలైందంటే తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రశ్న తప్పకుండా కనిపిస్తుంది. "ఇంటి వెనక డెక్కు వేయిద్దామనుకుంటున్నాం. చెక్క బెటరా, కాంపోజిట్ బెటరా?" గంట తిరిగేసరికి ఇరవై జవాబులు. "చెక్క వద్దు బ్రో, రెండేళ్లకోసారి రంగు వేయలేక చస్తావ్" అని ఒకరు. "కాంపోజిట్ ఎండలో పెనమే అండీ, పిల్లలు కాలు పెట్టలేరు" అని మరొకరు. చిత్రం ఏమిటంటే ఇద్దరూ నిజమే చెప్తున్నారు. అందుకే చర్చ ఎటూ తేలదు.

డెక్కు అంటే మన అరుగుకి దూరపు చుట్టం. ఇంటి వెనక తలుపు తీయగానే నేల కంటే ఎత్తులో ఉండే పలకల వేదిక. వేసవి మూడు నెలలూ సగం సంసారం అక్కడే. సాయంత్రం టీ అక్కడే, పుట్టినరోజు పార్టీ అక్కడే. ఇల్లంతా నూనె వాసన రాకూడదని గ్యాస్ పొయ్యి బయట పెట్టి బజ్జీలు వేసేదీ అక్కడే. ఊరి నుంచి వచ్చిన అమ్మ వడియాలు పెట్టేది కూడా అక్కడే. ఒక మాదిరి డెక్కుకి వేల డాలర్లు అవుతాయి. చేతిలో ఉన్న డబ్బుకి ఒకసారే అవకాశం. కాబట్టి గ్రూపులో ఎక్కువ ఓట్లు దేనికి పడ్డాయో చూసి నిర్ణయించే విషయం కాదిది.

చెక్కలో ఎన్ని రకాలు?

"చెక్క డెక్కు" అని కాంట్రాక్టర్ చెప్తే సాధారణంగా అది ప్రెషర్ ట్రీటెడ్ పైన్. అమెరికా తూర్పు, దక్షిణ రాష్ట్రాల్లో ఎక్కువగా సదరన్ పైన్ వాడతారు. పైన్ మెత్తటి కలప, అలాగే వదిలేస్తే కొన్నేళ్లలోనే పుచ్చిపోతుంది. అందుకని పెద్ద ఇనుప సిలిండర్‌లో పెట్టి, గాలి లాగేసి, రాగి కలిసిన మందు నీళ్లని ఒత్తిడితో లోపలికి ఎక్కిస్తారు. కొత్త పలకల మీద కనిపించే ఆకుపచ్చ ఛాయ ఆ రాగిదే. ఉన్నవాటిలో చవకైంది ఇదే.

దాని పైమెట్టు సెడార్, కాలిఫోర్నియా వైపు అయితే రెడ్‌వుడ్. వీటి చేవలోనే పుచ్చుని ఆపే గుణం కొంత ఉంటుంది. చూడ్డానికి అందం, వాసన బాగుంటుంది, కానీ మెత్తన. కుర్చీ లాగితే గీత పడుతుంది. ఆ పైన ఇపే అనే దక్షిణ అమెరికా కలప. నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువు. ముందు రంధ్రం చేయకుండా స్క్రూ దిగదు. మన టేకుకి ఉన్న గౌరవం అక్కడ దానికి ఉంది, ధర కూడా అలాగే ఉంటుంది. అడవుల నరికివేత వల్ల 2024 నవంబర్ నుంచి ఇపే జాతుల అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ ఒప్పందం కింద నియంత్రణ కూడా వచ్చింది.

అమెరికా డెక్కుల్లో ఒక తెలుగు పేరు

ఈ ప్రెషర్ ట్రీటెడ్ చెక్క కథలో మనవాళ్లకి పెద్దగా తెలియని పేరు ఒకటి ఉంది: సొంటి కామేశం. ఇంటిపేరు వినగానే తెలుగువాడని తెలిసిపోతుంది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఈయన 1933లో కలపని చెదల నుంచి, పుచ్చు నుంచి కాపాడే మందు కనిపెట్టారు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన మిశ్రమం అది. ఆర్సెనిక్, రాగి రసాయన గుర్తులు కలిపి దానికి 'ఆస్క్యూ' అని పేరు పెట్టారు. 1938లో అమెరికా పేటెంటు వచ్చింది. తర్వాత రోజుల్లో ప్రపంచమంతా దాన్ని సీసీఏ అని పిలిచింది. రాగి బూజుని చంపుతుంది, ఆర్సెనిక్ పురుగులని చంపుతుంది, క్రోమియం ఆ రెండూ వానకి కొట్టుకుపోకుండా చెక్కకి పట్టి ఉంచుతుంది. దశాబ్దాల పాటు అమెరికాలో కరెంటు స్తంభాల్లో, పిల్లల ఆట స్థలాల్లో, ఇళ్ల వెనక డెక్కుల్లో ఈ మందే ఉంది.

ఆర్సెనిక్ పిల్లల చేతులకి అంటుతుందన్న ఆందోళన పెరగడంతో అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏతో కంపెనీలు ఒప్పందానికి వచ్చి, 2003 డిసెంబర్ 31 తర్వాత ఇళ్ల అవసరాల కోసం సీసీఏ వాడటం మానేశాయి. ఇప్పుడు వచ్చే చెక్కలో ఆర్సెనిక్ లేదు, రాగి మీద ఆధారపడిన వేరే మందులు వచ్చాయి.

ఇందులో మనకి పనికొచ్చే సంగతులు రెండు. మీరు కొన్న ఇల్లు 2004కి ముందుదై, డెక్కు కూడా అప్పటిదే అయితే అందులో సీసీఏ ఉండే అవకాశం ఎక్కువ. పీకి పారేయాలని ఈపీఏ చెప్పలేదు. కానీ దాన్ని సాండింగ్ మెషీన్‌తో గీకొద్దు, ముక్కలు పొయ్యిలో పెట్టి కాల్చొద్దు, ఆడుకుని వచ్చిన పిల్లల చేతులు కడిగించండి. రెండోది, కొత్త మందుల్లో రాగి పాళ్లు ఎక్కువ. అది మామూలు ఇనుప మేకుల్ని తినేస్తుంది. హాట్ డిప్ గాల్వనైజ్డ్ లేదా స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలే వాడాలి. కాంట్రాక్టర్ కొటేషన్‌లో ఈ మాట రాసి ఉందో లేదో చూడండి.

కాంపోజిట్ అంటే ఏమిటి?

రంపపు పొట్టుని, పాలిథీన్ ప్లాస్టిక్‌ని వేడి చేసి కలిపి పలకలుగా పోస్తే కాంపోజిట్. కిరాణా సంచులు, సామాను చుట్టే ప్లాస్టిక్ పొరలు లాంటివి మళ్లీ వాడి చేస్తారు. ఈ వ్యాపారంలో బాగా తెలిసిన ట్రెక్స్ కంపెనీ 1996లో మొదలైంది. హైదరాబాద్‌లో ఇప్పుడు బాత్రూం తలుపులకి, ద్వారబంధాలకి వాడుతున్న డబ్ల్యూపీసీ కూడా ఇలాంటి కుటుంబంలోదే, అయితే అందులో ఎక్కువగా పీవీసీ ఉంటుంది.

మొదటి తరం కాంపోజిట్‌కి చెడ్డపేరు వచ్చింది. అందులో ఉన్న పొట్టు తేమ పీల్చేది, నల్లటి బూజు మచ్చలు వచ్చేవి, రంగు వెలిసిపోయేది. 2010 ప్రాంతం నుంచి పలక చుట్టూ గట్టి ప్లాస్టిక్ తొడుగు వేసి అమ్మడం ఎక్కువైంది. దీన్ని క్యాప్డ్ కాంపోజిట్ అంటారు. "మా బాబాయి ఇంట్లో కాంపోజిట్ మొత్తం బూజు పట్టింది" అని ఎవరైనా చెప్తే, ముందు అది ఏ సంవత్సరందో అడగండి. ఇప్పటికీ కొన్ని చవక రకాల్లో తొడుగు మూడు వైపులే ఉంటుంది, అడుగున ఉండదు. నేలకి దగ్గరగా, తడి ఎక్కువగా ఉండే చోట నాలుగు వైపులా తొడుగు ఉన్నది తీసుకోవడం మేలు. అసలు పొట్టే కలపకుండా మొత్తం పీవీసీతో చేసే పలకలూ ఉన్నాయి. తేలిక, తేమ భయం దాదాపు లేదు, ధర ఇంకా ఎక్కువ.

రోజువారీ వాడకంలో తేడాలు

వేడి: ఎండలో కాంపోజిట్ చెక్క కంటే ఎక్కువ కాలుతుంది. ముదురు రంగు అయితే మరీ. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే చోట, డాలస్ లాంటి ఊళ్లో, చెప్పుల్లేకుండా తిరగడం కష్టం. లేత రంగు తీసుకోవడం, పైన నీడ వేయించడం తప్ప వేరే మార్గం లేదు. ఇంకో విచిత్రం కూడా ఉంది. ఇప్పటి లో-ఈ అద్దాల కిటికీల మీద పడి తిరిగొచ్చే ఎండ ఒకే చోట పోగై ప్లాస్టిక్ పలకని వంకర తిప్పగలదు. కంపెనీలే ఈ హెచ్చరిక ఇస్తాయి. పెద్ద కిటికీ ఎదురుగా డెక్కు వేయిస్తుంటే ఇది గుర్తుంచుకోండి.

సాగడం, ఉబ్బడం: చెక్క తేమకి అడ్డంగా ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది, పగుళ్లిస్తుంది, పెచ్చులు లేస్తుంది. పిల్లల అరికాళ్లలో పేడు దిగేది ఇక్కడే. కాంపోజిట్‌లో పేళ్లు లేవు కానీ అది వేడికి పొడవునా సాగుతుంది. అందుకే పలకల చివర్ల మధ్య ఎంత సందు వదలాలో, ఆ రోజు ఉష్ణోగ్రతని బట్టి కంపెనీ ఒక పట్టిక ఇస్తుంది. చలిలో సందు లేకుండా బిగిస్తే జులైలో పలకలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

మరకలు, గీతలు: మన వంటలకి ఇది పెద్ద ప్రశ్నే. రంగు, సీలర్ లేని చెక్క నూనెని పీల్చేసుకుంటుంది. ఆవకాయ నూనె పడిందంటే అది ఇక ఆ పలకలో భాగమే. క్యాప్డ్ కాంపోజిట్ మీద అయితే సబ్బు నీళ్లతో తుడిస్తే చాలావరకు పోతుంది, కాకపోతే వెంటనే తుడవాలి. పసుపు గురించి ఎక్కువ దిగులు వద్దు. ఎండకి పసుపు రంగు దానంతటదే వెలిసిపోతుంది. అయితే కాంపోజిట్‌కి నిప్పు పడదు. గ్రిల్ బొగ్గు పడినా, దీపావళి నాడు కాకరపువ్వొత్తి వేడి తీగ పడినా కరిగి గుంట పడుతుంది. చెక్క కూడా నల్లబడుతుంది కానీ దాన్ని కాస్త గీకి రంగు వేసుకోవచ్చు. కాంపోజిట్‌లో లోతుగా గీత పడితే ఆ పలక మార్చడమే. రబ్బరు అడుగున్న డోర్‌మ్యాట్ ఎక్కువ కాలం ఉంచితే దాని కింద రంగు మారిపోతుందని కూడా కంపెనీలు చెప్తాయి. తులసి కోట పెట్టే అలవాటున్నవాళ్లు కుండీ కింద గాలి ఆడేలా చిన్న కాళ్లున్న స్టాండు పెట్టడం రెండింటికీ మంచిది.

పోషణ: చెక్కకి రెండు మూడేళ్లకోసారి కడిగి, ఆరబెట్టి, స్టెయిన్ వేయాలి. ఎప్పుడు వేయాలో తెలుసుకోవడానికి తేలిక పద్ధతి, నాలుగు చుక్కల నీళ్లు చల్లడం. బొట్లుగా నిలిస్తే ఇంకా టైముంది, ఇంకిపోతే వేయాల్సిందే. కొత్త ప్రెషర్ ట్రీటెడ్ చెక్క లోపల తడి ఉంటుంది కాబట్టి మొదటి స్టెయిన్‌కి కూడా ఇదే పరీక్ష. కాంపోజిట్‌కి స్టెయిన్ అక్కర్లేదు. "మెయింటెనెన్స్ ఫ్రీ" అన్నది మాత్రం అమ్మేవాళ్ల మాట. ఆకులు, పుప్పొడి, దుమ్ము పలకల సందుల్లో చేరి తడిస్తే దాని మీదా బూజు పెరుగుతుంది. ఏడాదికి రెండు సార్లయినా కడగాలి. మంచు తీసేటప్పుడు ప్లాస్టిక్ పారే వాడాలి.

లెక్క వేసి చూద్దాం

ధరలు ఊరిని బట్టి, ఏడాదిని బట్టి మారతాయి. కింద ఉన్నవి లెక్క కోసం అనుకున్న అంకెలు మాత్రమే. వాటి స్థానంలో మీ కొటేషన్ అంకెలు పెట్టుకోండి.

16 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు డెక్కు అనుకుందాం. 320 చదరపు అడుగులు. చెక్కకి చదరపు అడుగుకి 35 డాలర్లు అన్నారనుకుంటే 11,200. కాంపోజిట్‌కి 55 అన్నారనుకుంటే 17,600. తేడా 6,400 డాలర్లు.

మూడేళ్లకోసారి మనిషిని పెట్టి స్టెయిన్ వేయిస్తే 900 అనుకుందాం. పదిహేనో ఏడు వచ్చేసరికి నాలుగు సార్లు, 3,600. ఆ ఏడు పాడైన పైపలకలు మార్చడానికి ఇంకో 4,000. మొత్తం 7,600. అంటే పదిహేనేళ్లకి కాంపోజిట్ తన ఖర్చు తాను రాబట్టుకుంది. అదే పని మీరే చేసుకుంటే స్టెయిన్ డబ్బాలకి ఒక్కోసారి 200. నాలుగు సార్లకి 800, పలకలకి 4,000, మొత్తం 4,800. పదిహేనేళ్ల తర్వాత కూడా చెక్కే 1,600 డాలర్లు చవక. కాకపోతే ఆ నాలుగు సార్లూ వారాంతాలు మీవి, నడుం మీది.

కాబట్టి అసలు ప్రశ్నలు రెండు. ఈ ఇంట్లో ఎన్నాళ్లుంటారు? బ్రష్షు ఎవరు పట్టుకుంటారు? వీసా, గ్రీన్ కార్డు, ఉద్యోగం, పిల్లల స్కూలు, అమ్మానాన్నల ఆరోగ్యం, ఇన్ని "చూద్దాం"ల మధ్య బతికే మనవాళ్లు చాలామంది అయిదారేళ్లలో ఊరు మారతారు. అమ్మేటప్పుడు డెక్కు మీద పెట్టిందంతా తిరిగొస్తుందన్న ఆశ వద్దు. అయిదేళ్ల కోసం ఆరు వేలు అదనంగా పెట్టడంలో అర్థం లేదు. పదిహేను, ఇరవై ఏళ్లు ఇక్కడే అని గట్టిగా అనుకున్నవాళ్లకి, శనివారం పూట రంగు డబ్బా తెరిచే ఓపిక లేనివాళ్లకి కాంపోజిట్ తగిన బేరం.

వారంటీ మాట కూడా చెప్పుకోవాలి. 25 ఏళ్లు, 50 ఏళ్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పలక మాత్రమే ఇస్తారా, మార్చే కూలి కూడా ఇస్తారా, ఇల్లు కొన్నవాళ్లకి బదిలీ అవుతుందా, ఈ మూడూ చిన్న అక్షరాల్లో ఉంటాయి. చదవాల్సింది అవి.

పైపలక కంటే ముఖ్యమైంది కింద ఉంది

ఈ చర్చలో దాదాపు ఎవరూ అడగని విషయం ఒకటుంది. చెక్క డెక్కయినా, కాంపోజిట్ డెక్కయినా కింద ఉండే అస్థిపంజరం సాధారణంగా ఒకటే: ప్రెషర్ ట్రీటెడ్ చెక్క. పెంకుటింటికి దూలాలు, వాసాలు ఉన్నట్టు డెక్కుకి స్తంభాలు, దూలాలు, వాటి మీద జోయిస్టులు ఉంటాయి. ఒక వైపు మొత్తం లెడ్జర్ అనే పొడవాటి పలక ద్వారా ఇంటి గోడకి అతుక్కుని ఉంటుంది. కాంపోజిట్ పలక బరువు మోసే దూలంగా పనికిరాదు. పైపలకకి యాభై ఏళ్ల వారంటీ ఉన్నా, కింది లెడ్జర్‌లోకి నీళ్లు దిగి పుచ్చితే ఆ వారంటీ కాగితం దేనికీ కొరగాదు.

ఇది ఊహించుకుని భయపడటం కాదు. 2003 జూన్ 29న షికాగోలో పార్టీ జరుగుతుండగా ఒక భవనం చెక్క పోర్చి కూలి 13 మంది చనిపోయారు. 2015 జూన్ 16న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒక అపార్ట్‌మెంట్ బాల్కనీ ఊడిపడి ఆరుగురు చనిపోయారు, ఏడుగురు గాయపడ్డారు. అందరూ కుర్రవాళ్లే. అక్కడ లోపలి చెక్క దుంగలు తేమకి పుచ్చిపోయి ఉన్నాయి. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. ఆ తర్వాత 2018లో కాలిఫోర్నియా, అపార్ట్‌మెంట్ల బాల్కనీలు, డెక్కులని తనిఖీ చేయించాలని చట్టం తెచ్చింది. సొంతిల్లు మాత్రం మన బాధ్యతే.

ఇళ్ల నిర్మాణ నిబంధనల ప్రకారం డెక్కు సాధారణంగా చదరపు అడుగుకి 40 పౌండ్ల బరువు మోసేలా కట్టాలి. మన 320 అడుగుల డెక్కుకి అది 12,800 పౌండ్లు, అంటే దాదాపు 5,800 కిలోలు. సత్యనారాయణ వ్రతానికి వచ్చిన యాభై మంది విస్తట్లో ప్లేట్లు పట్టుకుని నిలబడినా, సరిగ్గా కట్టిన డెక్కు కదలదు. కానీ పిల్లల కోసం గాలి ఊదే కొలను తెచ్చి రెండడుగుల లోతు నీళ్లు నింపితే, ఆ చోట చదరపు అడుగుకి 125 పౌండ్లు. మూడింతలు! ఆ కొలను నేల మీద పెట్టుకోవాలి.

అందుకే కొటేషన్ తీసుకునేటప్పుడు పలక రంగు కంటే ముందు ఇవి అడగండి:

• పర్మిట్ ఎవరు తీసుకుంటారు? "చిన్న డెక్కేగా, పర్మిట్ ఎందుకు" అనే కాంట్రాక్టర్‌కి దణ్ణం పెట్టేయండి. కాలనీకి హెచ్‌ఓఏ ఉంటే దాని అనుమతి వేరు.

• లెడ్జర్ ఇంటికి ఎలా బిగిస్తారు? మేకులతో అంటే ఒప్పుకోవద్దు. బోల్టులు లేదా అందుకోసమే చేసిన స్క్రూలు ఉండాలి. దాని పైన నీళ్లు గోడలోకి దిగకుండా ఫ్లాషింగ్ రేకు తప్పనిసరి.

• జోయిస్టుల మధ్య దూరం ఎంత? కాంపోజిట్‌కి సాధారణంగా 16 అంగుళాలకి మించకూడదు, పలకలు ఏటవాలుగా వేస్తే 12. పాత చెక్క డెక్కు ఫ్రేము మీదే కాంపోజిట్ వేస్తామంటే ముందు ఈ దూరం కొలవండి, దూలాలని స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే ఆ ఫ్రేము పనికిరాదు.

• పునాది ఎంత లోతు? నేల గడ్డకట్టే లోతు కంటే కిందకి వెళ్లాలి. మిన్నెసోటా ఉత్తరాన అది 5 అడుగులు.

• రెయిలింగ్ ఎత్తు ఎంత? డెక్కు నేల నుంచి 30 అంగుళాల కంటే ఎత్తుంటే రెయిలింగ్ ఉండాలి. చాలా చోట్ల కనీసం 36 అంగుళాలు, కాలిఫోర్నియాలో 42. ఊచల సందుల్లోంచి 4 అంగుళాల బంతి దూరకూడదు. పసిపిల్లల తల పట్టకూడదన్నది దాని ఉద్దేశం.

• జోయిస్టుల పైన టేపు వేస్తారా? స్క్రూ రంధ్రాల్లోంచి నీళ్లు దిగకుండా అతికించే ఈ టేపు ఖర్చు తక్కువ, ఫ్రేము ఆయుష్షు పెంచుతుంది.

మరి ఏది తీసుకోవాలి?

అయిదారేళ్లలో మారే ఆలోచన ఉంటే, లేదా పని చేతులారా చేసుకునే సరదా ఉంటే ప్రెషర్ ట్రీటెడ్ చెక్క. చాలాకాలం ఉండే ఇల్లు, ఇంట్లో చెప్పుల్లేకుండా పరిగెత్తే పిల్లలు, కొంచెం నీడ ఉంటే లేత రంగు క్యాప్డ్ కాంపోజిట్. సియాటిల్ లాంటి ఎప్పుడూ తడిగా ఉండే చోటైతే తేమని తట్టుకునే పలకలకే మొగ్గు. కాలిఫోర్నియాలో అడవి మంటల ముప్పున్న ప్రాంతమైతే మీ ఇష్టం కంటే ముందు, ఏ పలకలకి అక్కడ ఆమోదం ఉందో ఊరి బిల్డింగ్ ఆఫీసులో అడగాలి.

బడ్జెట్ అటూ ఇటూ కాకుండా మధ్యలో ఆగితే ఒక దారి ఉంది. ఫ్రేము మొత్తం 16 అంగుళాలకే, మంచి బోల్టులతో, టేపుతో, పర్మిట్‌తో కట్టించి, పైన ఇప్పటికి మామూలు చెక్క పలకలు వేయించండి. పదేళ్లకి గ్రీన్ కార్డు వచ్చి, ఈ ఊళ్లోనే ఉంటామని తేలితే పైపలకలు విప్పి, ఫ్రేము గట్టిగా ఉందో లేదో చూసుకుని కాంపోజిట్‌కి మారొచ్చు. రెయిలింగ్ కూడా అప్పుడే చూసుకోవచ్చు. రంగు గురించి ఇంట్లో ఎంతసేపైనా వాదించుకోండి. లెడ్జర్ గురించి మాత్రం కాంట్రాక్టర్‌తో ఒక్కసారైనా గట్టిగా మాట్లాడండి.

ఇప్పటికే డెక్కు ఉన్నవాళ్లకి ఒక చిన్న పని. ఈ వేసవి మొదటి పార్టీకి ముందు టార్చిలైటు, స్క్రూడ్రైవర్ పట్టుకుని ఒక్కసారి డెక్కు కిందకి వెళ్లండి. గోడకి ఆనుకున్న పలక దగ్గర తడి మరకలు, తుప్పు పట్టిన బోల్టులు, మెత్తబడ్డ దుంగలు కనిపిస్తున్నాయేమో చూడండి. పైకి వచ్చి రెయిలింగ్‌ని బలంగా ఊపి చూడండి. పావుగంట పని. అనుమానం వస్తే ఇన్‌స్పెక్టర్‌ని పిలవండి, ఆయన వచ్చి చూసేదాకా పార్టీ పెరట్లో గడ్డి మీద పెట్టుకోండి.